అఖండ ప్రాంగణంలో ఒక కొక్కెం

మెటీరియల్స్ ఇంజనీరింగ్ అంటే ఏమిటని అడిగినవాళ్ళందరికీ నేను ఇరవై ఏళ్ళుగా ఒకటే జవాబు చెబుతున్నాను. విరగ్గొట్టి చూడటం. మిగతా బ్రాంచీలవాళ్ళు కడతారు, నడుపుతారు, మీటలు నొక్కుతారు. వాళ్ళు కట్టినవి జనం నెత్తిన పడకుండా, ఏ వస్తువు ఎంత బరువుకి విరుగుతుందో మేము ముందే విరిచి చెబుతాం. అడ్మిషన్లప్పుడు తండ్రులు వచ్చి "ఇది చదివితే మావాడు సిమెంటు కొట్టు పెట్టుకోవచ్చా మాస్టారూ" అంటారు. నిక్షేపంగా పెట్టుకోవచ్చు అంటాను. సీట్లు నిండాలి కదా మరి.

మా ల్యాబ్‌లో ఒక పెద్ద లాగుడు యంత్రం ఉంది. వేలంత లావు ఇనుప కడ్డీని దాని రెండు దవడల మధ్య బిగించి మీట తిప్పితే, పైకీ కిందికీ లాగుతుంది. కడ్డీ ముందు కాస్త సాగుతుంది. తరవాత నడుం దగ్గర సన్నబడుతుంది. ఆ తరవాత ఠాప్‌మని తెగుతుంది. ఆ చప్పుడుకి పిల్లలు మొదట ఉలిక్కిపడి, తరవాత కేకలు పెట్టి, ఇంకొకటి ఇంకొకటి అంటూ నా వెంటపడేవాళ్ళు. తెగిన ముక్క మొహం చూస్తే ఆ ఇనుము ఎలాంటిదో, దాన్ని పోసినవాడు ఎలాంటివాడో కూడా తెలిసిపోతుంది. "ఇనుము నిండుగా ఉన్నంతసేపూ అబద్ధమాడుతుందిరా, తెగాకే నిజం చెబుతుంది" అనేవారు మా గురువుగారు. ఆ చప్పుడు విన్న రోజే మా పిల్లలకి అసలైన అక్షరాభ్యాసం అని నా నమ్మకం.

అలాంటి చప్పుడు మా కాలేజీలో ఎలా ఆగిపోయిందో చెబుతాను. నాకు కోపం ఎక్కువ. మధ్యలో నోరు జారితే పట్టించుకోకండి.

ఈదర సూర్యప్రకాశం గారు మా కాలేజీకి పరిపాలనాధికారిగా, అంటే ఏఓగా, వచ్చారు. అంతకుముందు ఆయన ధాన్యం గోదాములు చూసి రిటైరయ్యారు. ఆయన హయాంలో ఒక్క గోనెబస్తా కూడా చిరగలేదని ప్రతీతి. లోపల ధాన్యం పురుగు పట్టి పిండయిపోయిందని కూడా ప్రతీతే గాని, బస్తాలు మాత్రం చిరగలేదు. వచ్చిన వారంలోనే ఆయన మా ల్యాబ్‌కి తనిఖీకి వచ్చి, మూలనున్న తొట్టి దగ్గర ఆగిపోయారు.

"ఇవేమిటి?" అన్నారు.

"తెగిన కడ్డీలండి" అన్నాను.

"విద్యార్థులకి ఇచ్చినప్పుడు ఏ స్థితిలో ఉన్నాయి?"

"నిండుగానే ఉన్నాయండి."

"అంటే సదరు విద్యార్థులు కళాశాల ఆస్తిని మీ సమక్షంలో ధ్వంసం చేశారన్నమాట. మీరు ఆపలేదు."

"ఆపడమేమిటండీ, మార్కులు కూడా వేశాను."

ఆయన నన్ను దొంగని చూసినట్టు చూశారు. నేను ఓపిక తెచ్చుకుని, కడ్డీ ఎంత బరువు మోస్తుందో తెలియాలంటే అది తెగేదాకా లాగాలని వివరించాను. ఆయన కళ్ళు మూసుకుని అంతా విన్నారు.

"తెగిన తరవాత అది బరువు మోస్తుందా?"

"మోయదండి."

"మోయని వస్తువు గురించి తెలుసుకుని దేశానికేం ప్రయోజనం మాస్టారూ?" అన్నారాయన.

మర్నాడు ఉత్తర్వు వచ్చింది. 'ప్రాంగణమందలి ఏ వస్తువునైనను, విద్యా ప్రయోజనార్థమైనను, విరుచుట, తెంచుట, పగులగొట్టుట నిషిద్ధము. తీసుకొనిన వస్తువును తీసుకొనిన రూపమున తిరిగి అప్పగించిన విద్యార్థికి మాత్రమే పరీక్షార్హత.' కింద ఆయన సంతకం, పక్కన ప్రిన్సిపాల్ గారి సంతకం ఉన్నాయి. మా ప్రిన్సిపాల్ గారు మంచివారు. కాగితం ఎదురుగా పెడితే సంతకం పెట్టకుండా ఉండలేరు.

ఇలాంటి ఉత్తర్వులు మా కాలేజీలో నెలకొకటి పుట్టి పోతుంటాయి. ఇదీ పోయేదే. కాని సరిగ్గా అప్పుడే అఖండ విద్యా ప్రమాణ మండలి అనే సంస్థ ఒకటి ఎక్కణ్ణించో ఊడిపడింది. ఏ కాలేజీలో ఏదీ విరగదో ఆ కాలేజీకి 'అఖండ ప్రాంగణం' అనే బిరుదు ఇస్తారట. వరసగా మూడేళ్ళు ఏదీ విరక్కపోతే స్వర్ణ అఖండం. మా చైర్మన్ దండమూడి వీరభద్రం గారికి ఆ మాట తెగ నచ్చింది. ఆయన కొండలకి మందుగుండు పెట్టి, పగలగొట్టి, కంకర అమ్మి పైకొచ్చిన మనిషి. "జీవితమంతా పగలగొట్టాను మాస్టారూ. ఇప్పుడు ఒక్కటీ పగలని చోటు ఒకటి చూసుకోవాలని ఉంది" అన్నారు నాతో. ఆయన మాటలో కొంచెం కన్నీరు కూడా ఉంది. ఇక ఉత్తర్వుకి చావు లేదని నాకు ఆ క్షణమే అర్థమైంది.

అప్పటినుంచి మా ల్యాబ్ కొత్త పద్ధతిలో నడవసాగింది. లాగుడు యంత్రంలో కడ్డీని బిగించి, అది ఇంకా ఏమీ అనుకోకముందే ఆపేసేవాళ్ళం. పిల్లలు రికార్డులో 'కడ్డీ తెగలేదు. కావున దీని బలం అపారము' అని రాసేవాళ్ళు. ఇనుమైనా, ఇత్తడైనా, ఆఖరికి ఒకడు సరదాకి బిగించిన సుద్దముక్కైనా ఫలితం ఒకటే. అన్నింటి బలమూ అపారమే. పరీక్షలో అందరికీ నిండు మార్కులు వచ్చాయి. సుత్తిదెబ్బ పరీక్షలో వేలాడే సుత్తిని పైకెత్తి, మళ్ళీ చేత్తో పట్టుకుని, పసిబిడ్డని ఉయ్యాల్లో పడుకోబెట్టినట్టు కిందికి దించేవాళ్ళం. గట్టిదనం పరీక్షలో గుండు నొక్కితే ఇనుము మీద చొట్ట పడుతుందని, మధ్యలో రబ్బరు ముక్క పెట్టించారు. దాంతో మేము నాలుగు నెలలపాటు రబ్బరు గట్టిదనం కొలిచాం.

మా ల్యాబ్ దాటి రోగం కాలేజీ అంతా పాకింది. క్యాంటీన్లో అప్పడాలు మానేశారు. అప్పడం విరగ్గొట్టకుండా తినగలిగిన విద్యార్థి ఇంతవరకు పుట్టలేదు. ఆయుధపూజ నాడు వర్క్‌షాపులో పూజారి కొబ్బరికాయ ఎత్తేసరికి సూర్యప్రకాశం గారు ఆయన చెయ్యి పట్టుకున్నారు. "అమ్మవారికి అఖండంగానే సమర్పించండి" అన్నారు. పూజారి కాసేపు బుర్ర గోక్కుని, కాయని నిండుగానే పళ్ళెంలో పెట్టి, ప్రసాదం కింద మొదటివాడి చేతిలో పెట్టారు. అందరం కాయని కళ్ళకద్దుకుని పక్కవాడికి అందించాం. గుమ్మడికాయ సంగతి చెప్పనే అక్కర్లేదు. ఎర్రనీళ్ళు దాని పక్కన పోసి ఊరుకున్నాం.

ఇదంతా చూసి నవ్వుకుని కాలక్షేపం చేసేవాణ్ణి, గొర్లె యామిని లేకపోతే.

యామిని చీపురుపల్లి వైపు పిల్ల. వాళ్ళ నాన్న ఇనుము కరిగించే కొలిమి దగ్గర షిఫ్టు డ్యూటీ చేస్తాడు. అందరూ కంప్యూటర్లు దొరక్క మా బ్రాంచిలో చేరితే, ఆ పిల్ల మొదటి ర్యాంకుతో వచ్చి ఇదే కావాలని చేరింది. సూర్యప్రకాశం గారు వచ్చిన ఏడే చేరింది కాబట్టి, ఆ చప్పుడు ఒక్కసారి కూడా వినలేదు. సీనియర్లు చెప్పగా విన్నదే. "ఎలాగుంటాది సార్ ఆ సౌండు?" అని నన్నడిగేది. నోటితో ఠాప్ అని చూపించేవాణ్ణి. నా వయసుకి అది బాగుండదని తరవాత మానేశాను.

నాలుగో ఏడు ప్రాజెక్టుకి ఆ పిల్ల పోత కొక్కేలు తీసుకుంది. క్రేన్లకి వాడే కొక్కేలు సమ్మెటతో సాగగొట్టి చేస్తారు. అచ్చులో పోసి చేస్తే ఎంత బరువుకి విరుగుతాయి అన్నది ఆమె ప్రశ్న. మా కాలేజీ కొలిమిలోనే కరిగించి, చేటంత కొక్కేలు ఓ నాలుగు పోసింది. పోయడానికి ఎవరూ అభ్యంతరం చెప్పలేదు. పోస్తే ఆస్తి పెరుగుతుంది కదా.

ఆ తరవాతే అచ్యుతాపురం వైపున్న ఒక కంపెనీ నుంచి ఆమెకి ఫోనొచ్చింది. గొలుసులూ కొక్కేలూ చేసే కంపెనీ అది. అక్కడ ఇంటర్వ్యూ చేసే పెద్దాయనకి ఒక పద్ధతి ఉందట. యామిని పరుగున వచ్చి నాకు చెప్పింది.

"సర్టిఫికెట్లు తరవాత చూస్తారంట సార్. ముందు నీ ప్రాజెక్టులో విరిగిన ముక్క పట్టుకురా, దాని మొహం చూసి నువ్వేటి చెప్తావో వింటాను అన్నారు. ముక్క లేకపోతే రావద్దని కూడా అన్నారు."

"అన్నాడా? బంగారం లాంటి మనిషమ్మా" అన్నాను.

"బంగారమే గాని సార్, నాకు ముక్కేదీ?"

వేరే కాలేజీకి వెళ్ళి విరుచుకుందామంటే, వాళ్ళు మా కాలేజీ నుంచి ఉత్తరం తెమ్మంటారు. మా కాలేజీ ఉత్తరంలో 'విరుచు' అనే క్రియ వాడకూడదు. ఆ పిల్లకి ఇంకో బెంగ కూడా ఉంది.

"పోసిన రోజు వాన సార్. ఇసక తడిగుంది. లోపల గాలి బుడగలు ఉండిపోయాయని నాకు అనుమానం. పైకి నున్నగా ఉన్నాయి గాని, నాకైతే నమ్మకం లేదు."

అర్జీ పెట్టుకున్నాం. దాన్ని విచారించడానికి 'విరుపు అనుమతి ఉపసంఘం' వేశారు. సూర్యప్రకాశం గారు మధ్యలో, ప్రిన్సిపాల్ గారు పక్కన కూర్చున్నారు. యామిని నిలబడి అంతా చెప్పింది. తడి ఇసక సంగతి కూడా చెప్పింది.

"అమ్మాయీ, నీ ఉత్సాహాన్ని కళాశాల యాజమాన్యం అభినందిస్తున్నది" అన్నారు సూర్యప్రకాశం గారు. "విరిచిన పిమ్మట సదరు కొక్కెం యథాస్థితికి రాగలదని నీవు హామీ ఇచ్చిన పక్షంలో, అనుమతి విషయం సానుభూతితో పరిశీలించగలం."

"విరిగింది ఎనక్కి ఎలాగొస్తాది సార్?"

"అది సాంకేతిక విషయం. మీ డిపార్ట్‌మెంట్ చూసుకోవాలి."

"సార్, అవి వాడ్డానికి పోసినవి కావు. విరగ్గొట్టడానికే పోసినవి. ఒక్కటి విరిస్తే మిగిలిన మూడిటి సంగతీ తెలిసిపోద్ది."

"కేవలం అనుమాన నివృత్తి కోసం ఆస్తిని బలిపెట్టలేం. నీవు విరగని కొక్కెమే పట్టుకువెళ్ళు. విరిగినదానికంటే విరగనిది విలువైనదని ఏ కంపెనీవాడైనా ఒప్పుకుంటాడు. ఏమంటారు?" అని ఆయన పక్కకి తిరిగారు. ప్రిన్సిపాల్ గారు అప్పటికే సంతకం పెట్టేశారు.

బయటికి వచ్చాక యామిని ఏడవలేదు. వరండా స్తంభాన్ని చేత్తో గట్టిగా చరిచి, "ఇది కాలేజీ ఏటి సార్, గాజుల కొట్టులాగుంది" అంది. నిజం చెప్పొద్దూ, నాకు సిగ్గేసింది.

అంతటితో ఆగినా బాగుండేది. ఆ అర్జీ పుణ్యమాని మా కాలేజీలో కొక్కేలు తయారవుతున్నాయన్న సంగతి చైర్మన్ గారికి తెలిసింది. ఆయన మహా సంబరపడి, నాలుగింటికీ వెండిరంగు వేయించి, ఆఫీసు ముందు అద్దాల పెట్టెలో పెట్టించారు. కింద 'అఖండ కొక్కేలు' అని బోర్డు. ఈలోగా మూడేళ్ళూ నిండి స్వర్ణ అఖండం ప్రకటించారు. బిరుదు ఇవ్వడానికి మండలి మదింపు అధికారి స్వయంగా వస్తున్నారు. చైర్మన్ గారికి సన్మానం. సన్మానమంటే మావైపు క్రేను రావాలి, గజమాల రావాలి. ఆపిల్ పళ్ళూ బంతిపూలూ గుచ్చిన దండని క్రేనుతో ఎత్తి, సన్మానితుడి చుట్టూ దించితే తప్ప సన్మానం చెల్లదు.

"క్రేనువాడి కొక్కెం వద్దు. తుప్పుపట్టి ఉంటుంది. మన ప్రాంగణంలో, మన విద్యార్థిని పోసిన అఖండ కొక్కేనికే గజమాలను తగిలించాలి" అని సూర్యప్రకాశం గారు సెలవిచ్చారు.

ఆ మాట విని నేను ఆయన గదికి పరిగెత్తాను. ఉద్యోగం పోతే పోయిందనుకున్నాను.

"అది పరీక్షించని కొక్కెమండి. లోపల బుడగలున్నాయని పోసినపిల్లే చెబుతోంది. మనిషి నెత్తిమీద వేలాడదీయకూడదు."

"మాస్టారూ, మన ప్రాంగణంలో ఇంతవరకు ఏ కొక్కెమైనా విరిగిందా?"

"ఇంతవరకు ఏ కొక్కేన్నీ వాడలేదండి."

"నేనడిగింది అది కాదు. విరిగిందా, లేదా?"

"లేదండి."

"మరి?" అన్నారాయన, ఎంతో ప్రేమగా. "మూడేళ్ళ రికార్డు ఉంది. ఒక్క వస్తువూ విరగలేదు. ఇంతకంటే పెద్ద పరీక్ష ఏముంటుంది?"

చెవిటివాడి ముందు శంఖం ఊదాను. శంఖం బాగుందన్నారు.

సన్మానం రోజు గ్రౌండులో షామియానాలు, డప్పులు, చైర్మన్ గారు చేతులు జోడించిన ఫ్లెక్సీలు. వేదిక ముందు క్రేను. దాని తాడు చివర మా యామిని పోసిన కొక్కెం వెండిరంగులో మెరుస్తోంది. దానికి ఇనుప చట్రంతో సహా గజమాల. యామిని జనంలో నా పక్కనే నిలబడి, ఆ కొక్కెం వంక రెప్ప వెయ్యకుండా చూస్తోంది.

"సార్, మెడ దగ్గర చూడండి. అక్కడే బుడగలుంటాయి. ఊగినప్పుడు ఆగదు."

"వాళ్ళు వినరమ్మా."

"ఫొటోగ్రాఫరు వింటాడు సార్" అంటూ ఆ పిల్ల జనాన్ని తోసుకుంటూ ముందుకి వెళ్ళిపోయింది.

ఫొటోగ్రాఫరు చెవిలో ఏం చెప్పిందో నాకు తరవాత తెలిసింది. దండ నీడ చైర్మన్ గారి మొహం మీద పడుతోందని, రేపు పేపర్లో మొహం నల్లగా వస్తుందని చెప్పింది. అతను అదిరిపోయి, "సార్, ముందుకి రండి సార్, ఇంకా ముందుకి, ఆఁ, ఇంకొంచెం" అంటూ చైర్మన్ గారిని దండ కిందనుంచి పూర్తిగా బయటికి లాగాడు. మంత్రి చెప్పినా వినని మనిషి ఫొటోగ్రాఫరు చెబితే వింటాడు. ఖాళీ అయిన చోటు చూసి సూర్యప్రకాశం గారు, తానూ ఫొటోలో పడాలనో ఏమో, అందులోకి జరిగారు. "సార్, మీరూ ఇవతలికి రండి సార్" అని యామిని చెయ్యి ఊపింది. డప్పుల మోతలో ఆయనకి వినపడలేదు.

క్రేను దండని దింపుతూ ఒక్క కుదుపు కుదిపింది. కొక్కెం విరిగింది. చప్పుడు కూడా డప్పుల్లో కలిసిపోయింది. ఆపిల్ పళ్ళు గ్రౌండు నాలుగు మూలలకీ దొర్లాయి. చైర్మన్ గారు చేతులు జోడించుకుని ఫొటోకి నవ్వుతూనే ఉన్నారు. ఆయన వెనకాల ఇనుప చట్రం కింద సూర్యప్రకాశం గారి కాలు ఉంది.

వేదిక మీదున్న మదింపు అధికారి మైకు ముందుకి వంగి, "ఏమైనా విరిగిందా?" అని అడిగారు. కింద పడి ఉన్న మనిషి పళ్ళబిగువున చెయ్యెత్తి, అందరికీ వినపడేలా జవాబు చెప్పారు.

"ఏదీ విరగలేదు. గజమాల నిర్ణీత సమయానికంటే ముందుగా అవతరించింది."

జనం చప్పట్లు కొట్టారు. బిరుదు ప్రదానం సజావుగా జరిగింది. ఆ గొడవలో ఎవరూ చూడకుండా యామిని బంతిపూలలో చెయ్యి పెట్టి వెతికి, కొక్కెం ముక్క ఒకటి తీసి చున్నీలో చుట్టుకుంది. రెండో ముక్క క్రేను తాడుకే ఉండిపోయింది. అంబులెన్సులోంచే సూర్యప్రకాశం గారు ఆజ్ఞ జారీచేశారు. రెండు ముక్కలూ వెల్డింగ్ చేయించి, వెండిరంగు వేసి, రేపు మదింపు అధికారి బయల్దేరేలోగా అద్దాల పెట్టెలో పెట్టాలి. ఒక ముక్క దొరికింది. రెండోదాని కోసం గేటు దగ్గర సంచులు వెతకడం మొదలుపెట్టారు.

మర్నాడే యామిని ఇంటర్వ్యూ. హాస్టల్ నుంచి బయల్దేరి బస్సెక్కాలి. పొద్దున్నే నన్ను ఆసుపత్రికి పంపారు, మంచి చెడ్డా చూసి రమ్మని. సూర్యప్రకాశం గారి కాలికి పిండికట్టు కట్టి, పైన ఒక కొక్కేనికి వేలాడదీశారు. మంచం పక్కన మదింపు అధికారి ఒక సంచీ ఆపిల్ పళ్ళతో పరామర్శకి వచ్చి కూర్చున్నారు. ఆ పళ్ళు ఎక్కడివో నేను అడగలేదు. డాక్టరు ఎక్స్‌రే ఎత్తి వెలుతురులో చూపించాడు.

"రెండుచోట్ల విరిగిందండి" అన్నాడు.

"డాక్టరు గారూ, ఆ మాట వాడకండి" అన్నారు సూర్యప్రకాశం గారు. ఓరకంట మదింపు అధికారిని చూసి, గొంతు సవరించుకుని, "ఎముక కళాశాల ప్రాంగణంలో ఉన్నప్పుడు జరిగిన విషయం ఇది. 'కించిత్ స్థానభ్రంశం' అని రాయండి" అన్నారు.

"ఏం రాసినా కదలకుండా పడుకోవాలి."

సూర్యప్రకాశం గారు తల పైకెత్తి, తన కాలిని మోస్తున్న కొక్కెం వంక చాలాసేపు చూశారు. "ఇది గట్టిదేనా?" అని చిన్న గొంతుతో అడిగారు.

"భయం లేదండి. ఇలాంటివాటిని కంపెనీవాళ్ళు విరగ్గొట్టి చూశాకే పంపిస్తారు" అని డాక్టరు వెళ్ళిపోయాడు.

నేను కిటికీలోంచి బయటికి చూశాను. నా మొహం అప్పుడు ఎవరూ చూడకూడని స్థితిలో ఉంది.

అప్పుడే ఆయన ఫోను మోగింది. చేతికి సూది ఉండటంతో, నన్ను స్పీకరు నొక్కమన్నారు. గేటు దగ్గర కాపలా ఉండే దాలినాయుడు గొంతు గదంతా వినిపించింది.

"బాబూ, నాను దాలినాయుణ్ణి. నాలుగో ఏడు గుంట యామినమ్మ సంచీలో ఇనప ముక్కొకటి దొరికినాది. ఇరిగిపోయున్నాది. ఎండిరంగుంది దాని మీద. మీరు ఎతకమన్న ముక్క ఇదేనేటి బాబూ? బస్సొచ్చేస్తన్నాదని గుంట గోలెట్టేస్తంది."

మదింపు అధికారి చేతిలో ఆపిల్ అలాగే ఆగిపోయింది. "వెండిరంగు? మీ కాలేజీదా అండీ ఆ ముక్క?" అన్నారు.

యామిని నాలుగేళ్ళ చదువు ఆ ఫోనులో వేలాడుతోంది. సూర్యప్రకాశం గారు మాది అంటే స్వర్ణ అఖండం పోతుంది. మాది కాదంటే ముక్క పోతుంది. ముక్క పోతే కొక్కెం అతకదు. ఆయన పిండికట్టు వంకా, మదింపు అధికారి వంకా చూశారు.

"దాలినాయుడూ" అన్నారు చివరికి. "మన ప్రాంగణంలో ఏ వస్తువూ విరగదు. ఇది స్థిరపడిన విషయం. విరిగిన వస్తువు ఏదైనా సరే, అది మన ప్రాంగణానికి చెందినది కాజాలదు."

"అంటే ఏటి బాబూ? ఒగ్గీమంటారా?"

"మనది కానిదాన్ని ఆపే అధికారం మనకి లేదు."

"బేగి ఎల్లమ్మా, బస్సొచ్చేసింది" అన్న మాట, ఆ వెంటనే పరిగెడుతున్న చెప్పుల చప్పుడు ఫోనులో వినిపించాయి. మదింపు అధికారి తృప్తిగా తలూపి, ఆపిల్ కొరికారు.

నేను ఆసుపత్రి నుంచి తిన్నగా ల్యాబ్‌కి వెళ్ళాను. పాఠాలు లేవు. సన్మానం మర్నాడు కాబట్టి కాలేజీకి సెలవిచ్చారు. లాగుడు యంత్రం మీద పట్టుబట్ట కప్పి ఉంది. స్వర్ణ అఖండానికి గుర్తుగా దానిమీదే పూలదండ కూడా వేశారు. దాని పక్కనే స్టూలు వేసుకుని ఫోను ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. మధ్యాహ్నం దాటాక మోగింది.

"సార్" అంది యామిని. వెనకాల ఏవో యంత్రాల హోరు.

"ఏమైందమ్మా?"

"ఆయన ముక్క చూసి, బుడగలు ఎక్కడున్నాయో చూపించమన్నారు సార్. చూపించాను. తడి ఇసక సంగతి నానే చెప్పాను. ఎంత బరువు మీద విరిచావని అడిగారు. ఆపిల్ పళ్ళూ, బంతిపూలూ, మా చైర్మన్ గారి సన్మానమూ అన్నాను."

"నవ్వాడా?"

"నవ్వలేదు సార్. కింద ఎవరైనా ఉన్నారా, దెబ్బ తగిలిందా అని అడిగారు. మా ఏఓ గారి కాలు విరిగిందండి అన్నాను. నిన్నట్నించీ అందరూ ఏటి విరిగింది, ఏటి విరిగింది అనే అడిగారు సార్. ఎవరికైనా దెబ్బ తగిలిందా అని ఆయనొక్కరే అడిగారు."

ఆ ప్రశ్న నేనూ అడగలేదు.

"తరవాత, నాలుగేళ్ళలో ఎన్ని విరిచావని అడిగారు సార్. ఒక్కటీ లేదన్నాను. ఆయన నమ్మలేదు. లేచి నన్ను ఇక్కడ వాళ్ళ మెషీన్ దగ్గరికి తీసుకొచ్చారు. కడ్డీ బిగించి మీట నా చేతికిచ్చారు. ఒక్క నిమిషం ఉండమని చెప్పి మీకు ఫోన్ చేశాను. వింటారా సార్?"

"వింటానమ్మా" అన్నాను.

ఫోను చెవికి ఆనించుకుని కళ్ళు మూసుకున్నాను. యంత్రం మూలుగు మొదలైంది. ఇప్పుడు సాగుతూ ఉంటుంది. ఇప్పుడు నడుం సన్నబడుతూ ఉంటుంది.

ఠాప్.

అవతల యామిని కేక పెట్టింది. మా పాత పిల్లలు పెట్టినట్టే పెట్టింది. నవ్వుతోందో ఏడుస్తోందో నాకు తెలియలేదు. నా పక్కన మా యంత్రం పట్టుబట్ట కప్పుకుని, మెళ్ళో దండతో, ఎక్కడా ఒక్క గీతైనా పడకుండా నిలబడి ఉంది.

"ఇంకొకటి విరవమ్మా" అన్నాను.